ఇంగ్లిష్ క్లాసులో నోరు పెగలని పిల్లలకు: భయం తగ్గించే మెట్ల దారి

గుంటూరులో ఏ వీధికి వెళ్లినా ఏదో ఒక ఇంట్లో ఈ మాట వినిపిస్తుంది: "మావాడికి ఇంగ్లిష్‌లో తొంభై దాటి వస్తాయండీ, కానీ ఎవరన్నా ఒక్క ప్రశ్న అడిగితే నోరు పెగలదు." టెన్త్ పబ్లిక్‌లో ఇంగ్లిష్ పేపరు రాతపరీక్షే కాబట్టి మాట రాకపోయినా మార్కులు వచ్చేస్తాయి. అసలు సంగతి ఇంటర్‌లో చేరాకో, ఇంజనీరింగ్ సీటు వచ్చాకో బయటపడుతుంది. అప్పుడు కంగారుపడి అరండల్‌పేటలోనో బ్రాడీపేటలోనో స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసులో చేర్పిస్తారు. అక్కడ మొదటిరోజే పదిమంది ముందు నిలబెట్టి "నీ గురించి చెప్పు" అంటే, ఏ పనికి పిల్లవాడు బిగుసుకుపోతున్నాడో ఆ పనినే ముందు వాడి నెత్తిన పెట్టినట్టు అవుతుంది.

ఎనిమిది నుంచి పది తరగతుల పిల్లలున్న తల్లిదండ్రుల కోసం, వాళ్లకు పాఠం చెప్పే టీచర్ల కోసం ఇది రాస్తున్నాను. పిల్లలే చదువుకుంటే ఇంకా మంచిది. ఉదాహరణలన్నీ ఇంగ్లిష్‌వే అయినా ఫ్రెంచి, జర్మన్ నేర్చుకునేవాళ్లకూ ఇదే పద్ధతి పనికొస్తుంది. భయం పోయాక మాట్లాడదాంలే అని కూర్చుంటే ఆ భయం పోదు. మాట్లాడుతుంటేనే తగ్గుతుంది. అయితే ఎవరి ముందు మాట్లాడాలో మనం జాగ్రత్తగా ఎంచి, వినేవాళ్లను ఒక్కొక్కరిగా పెంచుకుంటూ పోవాలి. కింద చెప్పినవన్నీ ఈ ఒక్క పని కోసమే.

ముందు తేల్చుకోండి: భాష రాదా, భయమా?

వరసగా ఒక్కొక్కరూ ఒక్కో పేరా చదవండి అని టీచర్ చెప్పగానే కొందరు పిల్లలు తమకంటే ముందు ఎంతమంది ఉన్నారో లెక్కపెడతారు. ఏడుగురుంటే ఎనిమిదో పేరా మీద వేలు పెట్టుకుని, పెదవులు కదుపుతూ దాన్నే మళ్లీ మళ్లీ చదువుకుంటారు. ఆ ఏడుగురూ చదివింది చెవికెక్కదు. మధ్యలో టీచర్ ఒకరి చేత రెండు పేరాలు చదివించారంటే లెక్క తప్పినట్టే. వంతు వచ్చేసరికి కళ్ల ముందు వేరే పేరా ఉంటుంది. అరచేతుల్లో చెమట, గొంతు తడారిపోవడం, తెలిసిన మాట కూడా తడబడటం. వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వుతారు. మర్నాటి నుంచి ఆ పీరియడ్‌లో బాత్రూంకి పర్మిషన్ అడగడం మొదలవుతుంది.

ఇంట్లో కనిపించే గుర్తులు వేరు. ఇంగ్లిష్ సెమినార్ ఉన్న రోజు పొద్దున్నే కడుపునొప్పి వస్తుంది. అసెంబ్లీలో వార్తలు చదివే వంతు ఉన్న వారం నిద్ర సరిగా పట్టదు. కొందరు పిల్లలు మాత్రం దీనికి పూర్తిగా తిరగబడి క్లాసులో అల్లరి చేస్తారు, టీచర్ ప్రశ్న అడిగితే వెక్కిరింపుగా జవాబిస్తారు. రాదని తేలిపోవడం కంటే అల్లరివాడని పేరు తెచ్చుకోవడమే నయమని వాళ్ల లెక్క. ఇలాంటి పిల్లల్ని తిట్టేముందు ఒక్కసారి ఆగి చూడండి.

1986లో టెక్సస్ విశ్వవిద్యాలయంలో ఇలెయిన్ హార్విట్జ్, మైకేల్ హార్విట్జ్, జోఆన్ కోప్ అనే ముగ్గురు పరిశోధకులు, మిగతా విషయాల్లో చురుగ్గా ఉండే విద్యార్థులు కూడా పరభాష క్లాసులో ముడుచుకుపోవడం గమనించి, ఈ భయాన్ని కొలవడానికి 33 వాక్యాల ప్రశ్నావళి తయారుచేశారు. వాళ్లు చెప్పినదాన్నిబట్టి ఇందులో మూడు కలిసి ఉంటాయి: నలుగురిలో మాట్లాడాలంటే ఉండే బెరుకు, పరీక్ష భయం, ఎదుటివాళ్లు తక్కువగా చూస్తారన్న భయం. తర్వాత రిచర్డ్ స్పార్క్స్, లియొనోర్ గాన్‌షో అనే ఇద్దరు దీన్ని ప్రశ్నించారు. చాలామందిలో ముందు భాషలోనే లోటు ఉంటుందని, భయం దాని వెనకాల వస్తుందని వాళ్ల వాదన. క్లాసులో పిల్లల్ని చూస్తే రెండు రకాలవాళ్లూ ఉంటారు, రెండూ కలిసినవాళ్లు ఇంకా ఎక్కువ. అందుకే మీ పిల్లవాడు ఎటువైపో తేల్చుకోవాలి.

దానికి ఇంట్లోనే ఒక పరీక్ష పెట్టొచ్చు. గది తలుపు వేసుకుని, నిన్న సాయంత్రం ఏం చేశాడో ఒక్క నిమిషం ఇంగ్లిష్‌లో చెప్పి ఫోన్‌లో రికార్డ్ చేసుకోమనండి. మాకు వినిపించక్కర్లేదు, విని తుడిచేసుకో అని ముందే చెప్పండి. ఒంటరిగా ఉన్నప్పుడు తప్పులతోనైనా నిమిషం మాట్లాడగలిగాడంటే అడ్డుపడుతున్నది ఎక్కువగా భయమే. ఒంటరిగానూ రెండు వాక్యాలు దాటలేకపోతే భాషలో లోటు ఉంది, ఈ మెట్లతోపాటు కింది తరగతి పుస్తకాల నుంచి చదివించడం కూడా మొదలుపెట్టాలి. అందులో చిన్నతనం ఏమీ లేదు. ఆరో తరగతి రీడర్ గడగడా చదవగలిగిన తొమ్మిదో తరగతి పిల్లవాడికి వచ్చే ధైర్యం, అర్థంకాని తొమ్మిదో తరగతి పాఠం బట్టీపడితే రాదు.

భయానికి మార్కులు వేయించండి

ఈ భయం గురించి భోజనాల దగ్గర, చుట్టాల ముందు అడక్కండి. బండి మీద ట్యూషన్ నుంచి తెచ్చేటప్పుడో, మేడ మీద బట్టలు తీసేటప్పుడో మొహాలు చూసుకోకుండా మాట్లాడుకునే వీలుంటుంది, పిల్లలు అప్పుడే నోరు విప్పుతారు. "ఇంగ్లిష్ ఎందుకు రాదురా?" అనొద్దు. "క్లాసులో ఏ పనప్పుడు ఎక్కువ దడగా ఉంటుంది నాన్నా?" అనండి.

తర్వాత ఒక కాగితం ఇచ్చి తెలుగులోనే రాయమనండి. ఇంగ్లిష్ వాడాల్సిన సందర్భాలన్నీ ఒకదాని కింద ఒకటి, పక్కన భయానికి 0 నుంచి 10 వరకు మార్కులు. ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి కాగితం ఇలా ఉండొచ్చు:

అందరితో కలిసి పద్యం చదవడం – 1
పక్క బెంచీ స్నేహితురాలికి చదివి వినిపించడం – 3
క్లాసులో నిలబడి పేరా చదవడం – 6
తెలిసిన ప్రశ్నకే సొంత మాటల్లో జవాబు – 8
టీచర్ హఠాత్తుగా పేరు పిలిచి అడగడం – 9
అసెంబ్లీలో మైకు ముందు – 10

ఈ కాగితమే ఇక మీదట దారి చూపిస్తుంది. మీకు తేలిగ్గా కనిపించినదానికి 8 వేసినా మార్చొద్దు. పక్కింటి అబ్బాయికి అసెంబ్లీ అంటే 2 కావచ్చు, దాంతో మనకు పనిలేదు.

ఇంట్లో ఆపేయాల్సినవి

చుట్టాలొచ్చినప్పుడు "అంకుల్‌కి ఇంగ్లిష్‌లో చెప్పమ్మా" అనడం మానేయండి. ఆ అమ్మాయి కాగితంలో అది 10 దాటి ఉంటుంది. "వేలకు వేలు ఫీజులు పోస్తున్నాం, రెండు ముక్కలు మాట్లాడలేవా" అన్న మాట కూడా వద్దు. నోరు తెరిచిన ప్రతిసారీ ఆ ఫీజు బరువు పిల్లల గొంతు మీద కూర్చుంటుంది. అమెరికాలో ఉన్న పెద్దమ్మ పిల్లలతో పోల్చడం సరేసరి.

ఇంట్లో ఇంగ్లిషే మాట్లాడాలి అన్న నియమం పెట్టకండి. రోజంతా క్లాసులో నోరు కట్టేసుకున్న పిల్లలకు ఇల్లు ఊపిరి తీసుకునే చోటు, దాన్నీ క్లాసు చేస్తే మాట్లాడటమే తగ్గించేస్తారు. కొన్ని స్కూళ్లలో తెలుగులో మాట్లాడితే ఫైన్ వేసే పద్ధతి ఉంది. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. ఫైన్‌కి భయపడే పిల్లలు ఇంగ్లిష్‌లోకి మారిపోరు, మౌనంలోకి జారుకుంటారు. మీ పిల్లల స్కూల్లో ఇది ఉంటే పేరెంట్స్ మీటింగ్‌లో నలుగురు కలిసి గట్టిగా అడగండి.

ఇంగ్లిష్ రాని అమ్మ, నాయనమ్మ ఈ విషయంలో పిల్లలకు పెద్ద ఆసరా. తప్పు పట్టలేనివాళ్ల ముందు నోరు తేలిగ్గా లేస్తుంది. కొత్త కుక్కర్‌తో వచ్చిన పుస్తకం తీసి "దీన్లో ఏం రాశారో చదివి చెప్పరా" అంటే చాలు. వాడు ఒక వాక్యం ఇంగ్లిష్‌లో చదువుతాడు, "అంటే ఏందిరా?" అని అమ్మ అడుగుతుంది, తెలుగులో చెబుతాడు, మళ్లీ కింది వాక్యానికి వెళతాడు. మొహమాటం లేకుండా పది నిమిషాలు గొంతెత్తి చదివినట్టే. దానివల్ల ఇంట్లో నిజంగా ఒక పని కూడా జరుగుతుంది కాబట్టి, ఇది పాఠమని వాడికి అనిపించదు.

ఒంటి కంగారుకు

గుండె దడ, చేతులు వణకడం వంటివి ఆపడానికి ఎక్కువ తంటాలు పడక్కర్లేదు. వంతు రాబోయే ముందు నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరో ఏడో లెక్కపెడుతూ మెల్లగా వదలడం, అలా నాలుగైదు సార్లు. వదిలే ఊపిరి పొడవుగా ఉంటే దడ కొంత నెమ్మదిస్తుంది. ఇంకొక చిన్న పద్ధతి: 2014లో ఆలిసన్ వుడ్ బ్రూక్స్ అనే పరిశోధకురాలు ప్రచురించిన ప్రయోగాల్లో, నలుగురిలో మాట్లాడే ముందు "నేను ప్రశాంతంగా ఉన్నాను" అనుకున్నవాళ్లకంటే "నాకు ఉత్సాహంగా ఉంది" అనుకున్నవాళ్లు బాగా మాట్లాడారు. ఉత్సాహంలోనూ గుండె అలాగే కొట్టుకుంటుంది కాబట్టి ఒంటికి ఆ మాట నమ్మడం తేలిక.

నోరు తిరిగే మెట్లు

ఇది అన్నిటికంటే పెద్ద భాగం, నెలలు పడుతుంది. రోజుకు పావుగంట చాలు, కానీ వారంలో ఐదారు రోజులు జరగాలి.

మొదట ఒంటరిగా. పిల్లవాడికి ఇష్టమైన క్రికెట్ మ్యాచ్ ఇంగ్లిష్ కామెంటరీ నిమిషం సేపు పెట్టుకుని, కామెంటేటర్ వెనకాలే అవే మాటలు అనుకుంటూ పోవాలి. అన్నీ అందవు, అందినన్ని చాలు. కామెంటరీలో అవే వాక్యాలు మళ్లీ మళ్లీ వస్తాయి కాబట్టి వారం తిరిగేసరికి నోటికి లయ అలవాటవుతుంది. క్రికెట్ నచ్చని అమ్మాయి వంట వీడియో పెట్టుకోవచ్చు.

తర్వాత ఫోన్ రికార్డర్. ఇక్కడ ఏం మాట్లాడాలన్నది చాలా ముఖ్యం. "పొల్యూషన్ గురించి ఐదు నిమిషాలు" అంటే ఏం చెప్పాలో వెతుక్కోవాలి, ఎలా చెప్పాలో కూడా వెతుక్కోవాలి. రెండు బరువులు ఒకేసారి వద్దు. కళ్లు మూసుకుని చెప్పగలిగినవి ఇవ్వండి: హిందూ కాలేజీ సెంటర్ నుంచి బస్టాండ్‌కి ఎలా వెళ్లాలి, అమ్మ గోంగూర పచ్చడి ఎలా చేస్తుంది, నాన్నతో మిర్చి యార్డుకి వెళ్లినప్పుడు ఏం చూశాడు. "ఐ వెంట్ టు ది మిర్చి యార్డ్ విత్ మై ఫాదర్. దేర్ వర్ సో మెనీ బ్యాగ్స్. ఐ వాజ్ స్నీజింగ్ ఆల్ ద టైమ్." మూడు వాక్యాలు, మూడూ తనవి. పుస్తకంలోని వ్యాసం కంటే ఇవి మేలు. ముందు తెలుగులో అనుకుని తర్వాత ఇంగ్లిష్‌లో చెప్పినా తప్పులేదు. సోషల్, సైన్స్ పాఠాలు చెప్పాల్సి వస్తే, రాష్ట్ర ప్రభుత్వ పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లిష్‌లో, ఎదురు పేజీ తెలుగులో ఉంటాయి కదా, తెలుగు పేజీ చదివి అర్థం చేసుకున్నాక ఇంగ్లిష్ పేజీ పైకి చదివించండి.

రికార్డ్ చేసినదాన్నే మళ్లీ చెప్పించాలి. భాషా బోధనలో పాల్ నేషన్ ప్రచారంలోకి తెచ్చిన 4-3-2 పద్ధతి ఇదే: ఒకే విషయం ఒకరికి 4 నిమిషాల్లో, ఇంకొకరికి 3 నిమిషాల్లో, మూడో మనిషికి 2 నిమిషాల్లో చెప్పడం. మన పిల్లలకు మొదట్లో 2 నిమిషాలు, ఒకటిన్నర, 1 నిమిషం చాలు. మూడోసారికి మాటల కోసం తడుముకోవడం ఎంత తగ్గిందో పిల్లలకే వినిపిస్తుంది. "నీకు వచ్చు" అని మనం వందసార్లు చెప్పడం కంటే వాళ్ల గొంతు వాళ్లు వినడమే ఎక్కువ నమ్మకం ఇస్తుంది.

ఆ తర్వాత ఒక్క మనిషి. అన్నయ్యో, పిన్నో, ఒకే బస్సులో వెళ్లే స్నేహితుడో. ఒప్పందం ముందే చేసుకోవాలి: నవ్వకూడదు, మధ్యలో దిద్దకూడదు. అక్కడ భయం మార్కు సగానికి దిగాక ఇద్దరు, తర్వాత నలుగురు. మొదట 6 వేసిన పని 3కి వచ్చిందంటే పై మెట్టుకు వెళ్లే సమయం వచ్చింది. రాకపోతే అదే మెట్టు మీద ఇంకో వారం ఉండండి. దడ ఎక్కువైనప్పుడు మధ్యలో పారిపోనివ్వకపోవడం మాత్రం ముఖ్యం. వాక్యం చిన్నది చేసుకోవచ్చు, కాగితం చూసి చదవొచ్చు, కానీ మొదలుపెట్టినది ఏదోవిధంగా పూర్తిచేసి కూర్చోవాలి. సగంలో పారిపోతే, తప్పించుకోవడం వల్లే బతికిపోయానని మనసు గుర్తుపెట్టుకుంటుంది, తర్వాతిసారి ఇంకా ముందుగానే పారిపోమంటుంది.

వీటన్నిటితోపాటు జేబులో నాలుగు వాక్యాలు ఉండాలి. "కెన్ యూ సే ఇట్ అగైన్, ప్లీజ్?" "లెట్ మీ థింక్ ఫర్ ఎ మినిట్." "ఐ డోంట్ నో ద వర్డ్, బట్ ఇట్ ఈజ్ లైక్..." "కెన్ ఐ ట్రై వన్స్ మోర్?" ఇవి నిద్రలో లేపినా వచ్చేంతగా నోటికి రావాలి. చాలామంది పిల్లలకు అసలు భయం ఆ మౌనం గురించే. జవాబు తట్టని ఆ కొద్ది సెకన్లు నింపడానికి ఒక మాట చేతిలో ఉంటే సగం దడ దిగిపోతుంది.

టీచర్‌ని ఏం అడగాలి, టీచర్ ఏం చేయగలరు

పేరెంట్స్ మీటింగ్‌కి వెళ్లి "మావాడు ఎలా చదువుతున్నాడండీ" అని అడిగి వచ్చేయకండి. ఇలా అడగండి: "మేడం, మావాడికి నిలబడి చదవాలంటే చాలా కంగారు. ఇంట్లో ప్రాక్టీస్ చేయిస్తున్నాం. రేపు ఏ పేరా అడుగుతారో ఒక నెలపాటు ముందురోజే చెప్పగలరా?" మామూలుగా కాదనరు. ముందే తెలిసిన పేరా తడబడకుండా చదివి కూర్చున్న ఒక్కో రోజూ వాడి ఖాతాలో చేరుతుంది.

టీచర్లకు ఒక మాట. ప్రశ్న అడిగాక ఆగండి. మేరీ బడ్ రోవ్ అనే అమెరికన్ పరిశోధకురాలు తరగతి గదుల్లో లెక్కపెట్టి చూస్తే, టీచర్లు సగటున ఒక్క సెకను ఆగి ఇంకొకరిని అడిగేస్తున్నారని తేలింది. దాన్ని 3 సెకన్లకు పెంచితే జవాబులు పొడవయ్యాయి, మామూలుగా నోరెత్తని పిల్లలూ మాట్లాడారు. అవి తమకు తెలిసిన భాషలోనే సాగే సైన్స్ క్లాసులు. మన పిల్లలకు ఇంకా ఎక్కువ సమయం కావాలి. తెలుగులో క్రియ చివర వస్తుంది, ఇంగ్లిష్‌లో కర్త పక్కనే రావాలి. తెలుగులో కట్టుకున్న వాక్యాన్ని విప్పి తిరిగి పేర్చేలోపే "నెక్స్ట్" అంటే, జవాబు నాలుక మీదే ఉండిపోతుంది. ప్రశ్న అడిగి, పక్కవాళ్లతో ఒక నిమిషం చెప్పుకోండి అని, ఆ తర్వాత ఒకరిని లేపండి. అప్పటికి ఆ జవాబు ఒకసారి నోట్లోంచి బయటికి వచ్చి ఉంటుంది.

దిద్దడం మానమని కాదు, సమయం చూసి దిద్దమని. పిల్లవాడు "హీ గో టు స్కూల్" అంటే "ఎస్, హీ గోస్ టు స్కూల్, అండ్ దెన్?" అని సరైన రూపం మీ నోట వినిపించి ముందుకు నడపండి. అందరూ చేసే రెండు తప్పులు పీరియడ్ చివర ఎవరి పేరూ చెప్పకుండా బోర్డు మీద రాయండి. ఉచ్చారణ విషయంలో ఇంకొంచెం దయ అవసరం. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి బస్ మన నోట్లో బస్సు అవుతుంది, ఎగ్జామ్ ముందు యకారం చేరుతుంది. నోటికి పుట్టినప్పటి నుంచి ఉన్న అలవాటు అది. దాన్ని అనుకరించి క్లాసును నవ్వించిన టీచర్ ముందు ఆ పిల్ల మళ్లీ నోరు విప్పడం కష్టం. ఒకరు చదువుతున్నప్పుడు ఇంకొకరు నవ్వకూడదన్న నియమం జూన్‌లో మొదటి వారమే పెట్టి, ఏడాదంతా గట్టిగా నిలబెట్టండి. మిగతావి ఏవీ కుదరకపోయినా ఈ ఒక్కటి చేయండి.

పరీక్షల ముందు

రాతపరీక్షలో చేతులు వణికే పిల్లలు హాల్లోకి వెళ్లే ముందు పది నిమిషాలు తమ భయాల్ని తెలుగులో కాగితం మీద రాసి చింపేయొచ్చు. 2011లో రమీరెజ్, బైలాక్ ప్రచురించిన అధ్యయనంలో, పరీక్షంటే కంగారుపడే పిల్లల్లో అలా భయాల్ని రాసుకున్నవాళ్లకు మార్కులు మెరుగయ్యాయి. ఖర్చు లేని పని, ప్రయత్నించడంలో నష్టం లేదు.

ఇంటి పద్ధతులు చాలనప్పుడు

వారాల తరబడి స్కూలుకే వెళ్లనంటున్నా, పొద్దున్నే వాంతులవుతున్నా, తిండి నిద్ర తప్పినా, ఇంగ్లిష్ ఒక్కటే కాక అన్నిచోట్లా జనాన్ని తప్పించుకుంటున్నా అది క్లాసు భయం దాటిపోయింది. ఇంక ఉండి ఏం లాభం లాంటి మాట నోట వస్తే ఆ రోజే కదలాలి, పిల్లల్ని ఒంటరిగా వదలకూడదు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్‌కు 14416 నంబరులో ఏ వేళనైనా ఫోన్ చేయొచ్చు. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. పిల్లల సహాయానికి 1098 ఉంది. గుంటూరు జీజీహెచ్‌లో (ప్రభుత్వ పెద్దాసుపత్రిలో) మానసిక వైద్య విభాగం ఉంది, ఓపీలో చూపించుకోవచ్చు. చుట్టుపక్కలవాళ్లు ఏమనుకుంటారోనని ఆలస్యం చేయొద్దు.

భయం తిరిగొచ్చినప్పుడు

దసరా, సంక్రాంతి సెలవుల తర్వాత దాదాపు అందరు పిల్లల్లోనూ భయం రెండు మూడు మార్కులు పెరుగుతుంది. "అంతా పోయింది, మళ్లీ మొదటికొచ్చాడు" అని వాడి ఎదుట అనకండి. రెండు మెట్లు దిగి వారం రోజులు అక్కడే చేయించండి. ఇంటర్‌లో చేరినప్పుడైతే కాలేజీ కొత్త, లెక్చరర్లు కొత్త, చుట్టూ ఉన్న మొహాలన్నీ కొత్త. టెన్త్‌లో 3 ఉన్నది అక్కడ 7 అయి ఉండొచ్చు. అప్పుడు కొత్త కాగితం ఇచ్చి మార్కులు మళ్లీ వేయించండి. కొత్త క్లాసులో నవ్వని ఒక్క స్నేహితుణ్ని ముందు వెతుక్కోమనండి, మొదటి వారం అతనితోనే రోజుకు నాలుగు వాక్యాలు మాట్లాడమనండి.